ఒక్కసారే అడిగే ఇల్లు: కాజీపేటలో ఒక ఇంగ్లీషు సాయంత్రం

ఇంగ్లాండు వెళ్లాలంటే ముందు పాస్‌పోర్టు కావాలంటారు. నాకు మాత్రం ముందు మా అత్తమ్మ ఒప్పుకోలు కావలసి వచ్చింది. అరవైల తొలి సంవత్సరాల మాట ఇది. వరంగల్ చౌరస్తా దగ్గర మామయ్యకు పప్పుల దుకాణం ఉండేది. దాని వెనకే మా ఇల్లు. మా ఆయన తరాజు పట్టనని మొండికేసి బట్టల మిల్లులో ఉద్యోగం చూసుకున్నారు. నేత పనిలో శిక్షణకు రెండేళ్లు మాంచెస్టర్ పంపుతామనీ, కావాలంటే భార్యను కూడా తీసుకువెళ్లవచ్చనీ మిల్లువాళ్లు చెప్పారు. మాకు పెళ్లయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆయన వెంట వెళ్లాలని నా ప్రాణం కొట్టుకుపోయింది.

అత్తమ్మ చెడ్డది కాదు. లోకాన్నంతా అన్నంతో కొలిచే మనిషి, అంతే. ఎవరి ఊరి సంగతి చెప్పినా "ఆడ ఏం తింటరు?" అన్నది ఆవిడ మొదటి ప్రశ్న. "గుడ్డు ముట్టని కడుపు నీది. రెండేండ్లు ఉపాసం ఉంటవా సరోజనా? ఎముకలు దప్ప ఏం మిగులుతయి?" అని రోజూ గొణిగేది. చివరికి మా ఆయన ఒక ఉపాయం చెప్పారు. మిల్లులో ఆయన కింద పనిచేసే మేస్త్రికి యాకయ్య అని ఒక బావ ఉన్నాడు, కాజీపేటలో ఒక ఇంగ్లీషావిడ ఇంట్లో వంట చేస్తాడు. రైలు డ్రైవరు భర్త పోయాక కూడా ఆవిడ ఊరు వదలకుండా అక్కడే ఉండిపోయింది. పేరు డోరతీ. ఆవిడ ఇంటికి ఒకసారి వెళ్లి వాళ్ల తీరు చూసి వస్తే సరిపోతుందని ఆయన ఆలోచన. అత్తమ్మ ఒప్పుకుంది గానీ, ఒక షరతు పెట్టింది.

"నేను సుత వస్త. ఆమె ఇంట్ల నువ్వు కడుపునిండ తినంగ నా కండ్లతోటి జూడాలె. తింటె పో. లేకుంటె నీ మొగడు ఒక్కడే పోతడు."

యాకయ్య ద్వారా కబురు పంపితే, క్రిస్మస్ మర్నాడు సాయంత్రం నాలుగు గంటలకు టీకి రమ్మని జవాబు వచ్చింది. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి ఇంత పులిహోర తిన్నాక అత్తమ్మ నన్ను మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు. ఆకలి ఉంటేనే అసలు సంగతి తెలుస్తుందట. సంక్రాంతికి ఇంకా మూడు వారాలున్నా ముందు రోజే బియ్యప్పిండితో సకినాలు చుట్టి డబ్బా నింపింది. ఉత్త చేతులతో ఒకరి గడప తొక్కడం ఆవిడ చరిత్రలో లేదు.

ఒంటిగంటన్నరకు బయలుదేరాం. స్టేషను దాకా రిక్షాకు రెండణాలు. నయా పైసలు వచ్చి ఏళ్లయినా మా బజారు నోట్లో ఇంకా అణాలే నలిగేవి. రెండు దాటాక వచ్చిన ప్యాసింజరులో కాజీపేటకు ఇరవై నిమిషాలు పట్టింది. ఇప్పుడైతే బస్సులూ ఆటోలూ బోలెడు, టైము చూసుకోవలసిన పనే లేదు. అప్పట్లో ఆ బండి తప్పితే సాయంత్రమే మరొకటి. కాజీపేట స్టేషను బయట టాంగా మాట్లాడుకున్నాం. దొరసాని ఇంటికి అనగానే టాంగా అతను వెనక్కి తిరిగి చూశాడు.

"డోరతీ మేమ్‌సాబ్ ఇంటికా అవ్వా? పావలా ఇయ్యుండ్రి. నిన్న నా పిల్లలకు బిస్కెట్లు ఇచ్చింది. మంచి మనిషి, గని టైమంటె జర పిచ్చి."

ఆ పిచ్చి సంగతి మాకు పది నిమిషాల్లోనే తెలిసింది. ఎర్ర పెంకుల ఇల్లు, గేటు దగ్గర గులాబీ కుండీలు. మేం చేరేసరికి మూడు దాటి పది నిమిషాలు. మన పద్ధతిలో పిలిచినదానికంటే ముందు వెళ్లడం ప్రేమకు గుర్తు. కానీ తెల్లచొక్కా వేసుకున్న యాకయ్య కంగారుగా ఎదురొచ్చి మమ్మల్ని వరండాలో కుర్చీల్లో కూర్చోబెట్టాడు. "నాలుగు గానియ్యుండ్రి అమ్మా. ఆమె తయారైతాంది" అన్నాడు. గడప బయట యాభై నిమిషాలు కూర్చోవడం అత్తమ్మకు తల కొట్టేసినట్టయింది. "పిలిచి బైట కూసోవెట్టిరి" అని మూడుసార్లు అంది. లోపల గోడ గడియారం నాలుగు కొట్టడం, తలుపు తెరుచుకోవడం ఒకేసారి జరిగాయి.

డోరతీ గారికి అరవై ఏళ్లుంటాయేమో. పూల గౌను, ముత్యాల దండ, తలమీద ఎర్ర కాగితం కిరీటం. క్రిస్మస్ భోజనాల దగ్గర చిన్నా పెద్దా అందరూ అలాంటి కిరీటం పెట్టుకుంటారని తర్వాత చెప్పింది. అత్తమ్మ మాత్రం నా చెవిలో "గీ వయసుల బాసికమేంది?" అంది. నవ్వు ఆపుకోవడానికి నేను నాలుక కరుచుకోవలసి వచ్చింది. ఆవిడ ఇంగ్లీషు నెమ్మదిగా మాట్లాడేది. నా మెట్రిక్ చదువుకు చాలావరకు అందింది, అందనిది ఆవిడ రైల్వే హిందుస్తానీలో సర్దుకున్నాం.

బల్లమీద తెల్లగుడ్డ, టీ కెటిల్‌కు ఉన్నితో అల్లిన టోపీ, పల్చగా కోసిన దోసకాయ ముక్కలు పెట్టిన రొట్టె, బిస్కెట్లు, మధ్యలో ముదురు గోధుమరంగు కేకు. కప్పులో ముందు పాలు పోసి ఆమీద టీ వంచింది. నా కడుపులో అప్పటికే ఎలుకలు పరిగెడుతున్నాయి. కేకు పళ్లెం నా ముందుకు చాపి, తీసుకుంటావా అని అడిగింది.

"నో, థాంక్యూ" అన్నాను చిరునవ్వుతో.

తెలుగింట్లో పుట్టిన ఎవరైనా అదే అంటారు. మొదటిసారి అడగ్గానే చెయ్యి చాపితే ఎన్నాళ్లకు తిండి దొరికిందో అనుకుంటారు. మనం వద్దంటాం, వాళ్లు బలవంతం చేస్తారు, మళ్లీ వద్దంటాం, ఒట్టేసి వడ్డిస్తారు, అప్పుడు తింటాం. అందుకని రెండో పిలుపు కోసం ఎదురుచూశాను. డోరతీ గారు తల ఊపి పళ్లెం వెనక్కి తీసుకుంది. తర్వాత రొట్టె వచ్చింది, నేను వద్దన్నాను, అదీ వెళ్లిపోయింది. బిస్కెట్లదీ అదే దారి. ఆ తర్వాత ఆవిడ మాట తగ్గిపోయింది. ఒళ్లోని గుడ్డను మడత మీద మడత పెడుతూ కూర్చుంది.

అత్తమ్మ తన చోటి నుంచి అంతా చూస్తోంది. బయట తినని నియమం కాబట్టి ఆవిడ మంచినీళ్లు కూడా ఇంటినుంచే తెచ్చుకుంది. "జూసినవా? అడిగినట్టే అడిగి గుంజుకుంటాంది. ఈడనే గిట్లుంటె ఆళ్ల దేశంల ఎట్లుంటదో! సాలు తియ్, పోదాం" అంది తెలుగులో. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆకలికి కాదు. మాంచెస్టర్ నా చేతుల్లోంచి జారిపోవడం ఎదురుగా కనిపిస్తోంది. చేతులు కడుక్కుంటానని వెనక వైపుకు వెళ్లాను.

వంటగది గుమ్మంలో యాకయ్య కోపంగా నిలబడి ఉన్నాడు. "ఏం బిడ్డా, ఒక్కటన్న ముట్టకపోతివి?"

"ఇంకోసారి అడుగుతదనుకున్న కాకా. ఒక్కసారి అడిగి ఊకుంటరా ఎవరన్న?"

యాకయ్య నెత్తి కొట్టుకున్నాడు. "ఆళ్లల్ల ఒక్కసారే బిడ్డా! వద్దంటె వద్దే. బలిమి జేసుడు ఆళ్లకు మర్యాద గాదు. గా కేకుల గుడ్డు లేదు, ఎరికేనా? కోమటోళ్లు వస్తాండ్రని నేను చెప్పంగనే పాత పెట్టెంత యెతికింది. జర్మనోళ్ల తోటి లడాయి కాలంల ఆళ్ల ఊర్ల గుడ్లు దొరకకపోయేదట. గుడ్డు లేకుంట కేకు జేసుడు ఎట్లనో ఆమె చెల్లె అప్పుడు రాసి పంపిన కాయితం తీసింది. కొత్త గిన్నె సుత కొనుక్కొచ్చి చేసింది నీ కోసం."

అతను గొంతు తగ్గించాడు. "లోగడ ఒక పెద్దింటామె వచ్చి నీళ్లు సుత ముట్టకుంట పోయింది. అంటు అనుకుంట పోయింది. నువ్వు సుత గంతే అనుకుంటాంది పాపం."

నేను దిక్కుమాలిన మర్యాదలో మునిగి ఆవిడ మనసు ఎంత కష్టపెట్టానో అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను. తిరిగి వచ్చి కూర్చుని, నేను పుట్టి బుద్ధెరిగాక ఏ ఇంట్లోనూ చెయ్యని పని చేశాను. నోరు తెరిచి తిండి అడిగాను. "నాకు కేకు కావాలండీ. పెద్ద ముక్క పెడతారా?" అన్నాను ఇంగ్లీషులో. ఆవిడ ఒక్క క్షణం నా వైపే చూసింది. తర్వాత ఆ ముఖంలో వచ్చిన వెలుగు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కోసిన ముక్క పళ్లెంలో పట్టలేదు. ఎండు ద్రాక్ష, దాల్చినచెక్క, బెల్లం రుచి. రెండో ముక్క కూడా నేనే అడిగాను. రొట్టె, బిస్కెట్లు కూడా వదల్లేదు.

నేను తింటున్నంతసేపూ ఆవిడ తమ ఏడాదంతా మా ముందు పరిచింది. క్రిస్మస్ పుడ్డింగు అనే మిఠాయికి కొన్ని వారాల ముందే పిండి కలుపుతారట. ఇంట్లో ప్రతివాళ్లూ ఒక్కో తిప్పు తిప్పి మనసులో ఒక కోరిక కోరుకుంటారట. క్రిస్మస్ మర్నాడు పోస్టు మనిషికీ, పాలవాడికీ, పనివాళ్లకీ పెట్టెల్లో బహుమతులిస్తారట. యాకయ్య తొడుక్కున్న కొత్త చొక్కా అలా వచ్చిందే. ఈస్టరు ముందు నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యేలోగా ఇంట్లో ఉన్న పాలూ గుడ్లూ వెన్నా అట్లు పోసి అవగొట్టేస్తారట. ఒక్కొక్కటే అత్తమ్మకు తెలుగులో చెప్పాను. "ఉపాసం ముంగట అట్లా? ఆళ్లకు సుత తెలివున్నదే!" అంది. ఆ పూట ఆవిడ నోట వచ్చిన మొదటి మెచ్చుకోలు అది.

లేవబోతూ అత్తమ్మ సకినాల డబ్బా అందించింది. మనం అయితే లోపల పెట్టి, వచ్చినవాళ్లు వెళ్లాక విప్పుతాం. డోరతీ గారు అక్కడే మూత తీసి, ఒకటి విరిచి, కరకరా నమిలింది. అత్తమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది. అయినా తిరుగు బండిలో తన తీర్పు మాత్రం మార్చలేదు. "తిన్నవు సరే. ఒక్క పూట తినుడు వేరు, రెండేండ్లు వేరు. నోరు తెరిచి అడుక్కోవాల్నా? నా మనసు ఒప్పుతలేదు బిడ్డా" అంది. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను. ఇక అయిపోయిందనుకున్నాను.

మూడో రోజు పోస్టులో కార్డు వచ్చింది. అత్తమ్మ పేరు మీదే. ఆవిడ పేరున ఉత్తరం రావడం అదే మొదటిసారి. అందులో ఇంగ్లీషులో నాలుగు వాక్యాలే ఉన్నాయి, నేను తెలుగులో చదివి వినిపించాను. సకినాలకు కృతజ్ఞతలు. రాత్రి నాలుగు తిన్నాను. ఒక్కొక్క చుట్టునూ చేత్తో తిప్పారని యాకయ్య చెప్పాడు, ఆ చేతుల గురించే ఆలోచిస్తున్నాను. మీ కోడలు కేకు అడిగినందుకు నా పండుగ బాగుంది.

"చేతుల సంగతి రాసిందా? మల్ల సదువు" అంది అత్తమ్మ. మళ్లీ చదివాను. మూడోసారి కూడా చదివించుకుంది. తర్వాత తన అరచేతులు తిప్పి చూసుకుంది. "నలభై ఏండ్ల సంది చుడుతాన. మీ మామ ఉప్పు తక్కువైందనుడు దప్ప ఒక్క మాట అనలే" అంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పో బిడ్డా. పెట్టిన చెయ్యిని గింత యాదిల ఉంచుకునేటోళ్ల నడుమ నువ్వు ఉపాసం ఉండవు. నాకు ఫికర్ లేదు."

అలా వెళ్లాను మాంచెస్టర్. రెండేళ్లూ హాయిగా తిన్నాను, అడిగి మరీ తిన్నాను. అక్కడ ఎవరు తలుపు తీసినా నాకు ఆ ఎర్ర కిరీటమే గుర్తొచ్చేది. క్రిస్మస్ మర్నాడు డోరతీ గారికొక కార్డు, అత్తమ్మకొక కార్డు రాసేదాన్ని. మేం తిరిగి వచ్చిన రోజు అత్తమ్మ పప్పు గరిటె పైకెత్తి పట్టుకుని "ఒక్కసారే అడుగుత. వేసుకుంటవా?" అంది. నేను నోరు తెరిచేలోపే వడ్డించేసింది. ఇద్దరం నవ్వి నవ్వి అలిసిపోయాం. కొత్త గిన్నె కొని నాకోసం కేకు చేసిన ఆ చేతులకూ, మనసు మార్చుకుని నన్ను సాగనంపిన ఈ చేతులకూ నేను ఈ జన్మకు రుణపడి ఉన్నాను.

ఇంగ్లీషువాళ్ల ఇళ్లకు వెళ్లబోయేవారికి నేనిచ్చే సలహా ఒక్కటే. చెప్పిన టైముకే వెళ్లి, మొదటిసారి అడగ్గానే సరే అనండి, తిరిగి రాగానే ఒక కార్డు రాయండి. అందులో వంట సంగతితో ఆగకుండా వండిన చేతుల సంగతి కూడా ఒక ముక్క రాయండి. అలాంటి కార్డు రాయడానికి ఇంగ్లాండు దాకా వెళ్లనక్కర్లేదు, ఈ పూట మీకు అన్నం పెట్టినవాళ్లకు కూడా రాయొచ్చు.