పెద్దబాపు ఎత్తిన చెయ్యి

మా పెద్దబాపు పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కంప్యూటర్ తెర మీద మనుషులను రోడ్డు దాటిస్తున్నాను. అదే నా ఉద్యోగం. డ్రైవర్ లేకుండా నడిచే కార్లు మన వీధుల్లోకి వస్తే జనం వాటి ముందు ఎలా మసలుకుంటారో ముందే ఊహించి, ఆ నమూనాతో కారుకు నేర్పడం. ఫోన్ పెట్టేశాక కూడా తెర మీద మనుషులు నడుస్తూనే ఉన్నారు. వాళ్లను ఆపాలని చాలాసేపు నాకు తోచలేదు.

నా చిన్నప్పుడే నాన్న పోతే, మావాళ్లు వలస వచ్చిన మగ్గాల వాడ గోడాదరాలో నన్ను పెంచింది నాన్నకు అన్న అయిన పెద్దబాపే. బతుకంతా మరమగ్గాల మధ్యే, ఆయన మాటలో సాంచెల మధ్యే, గడిపాడు. ఆ మోతకు చెవులు ఎప్పుడో పోయాయి. పెదాలు చూసి మాట పోల్చుకునేవాడు. రోడ్డు మీద హారన్ వినపడదు కనుక ఆయన చాయ్‌కని బయలుదేరితే ఇంట్లో అందరికీ గుండెలో దడే. ఆయన మాత్రం నవ్వేవాడు.

"హారన్ ఎందుకు బిడ్డా, నడిపేటోని మొఖం సూస్తె ఎరుకైతది, ఆగుతడా ఆగడా అని."

నా ఉద్యోగం సంగతి చెబితే అడిగాడు: "బండ్లె మనిషే లేకపోతె, మరి నేను ఎవని మొఖం సూడాలె?"

నాకు సిగ్గేసింది.

బార్డోలీ వైపు చెరకు తోటల మధ్య మాకు కంచె వేసిన పరీక్ష మైదానం ఉంది. ఒక చలికాలం పొద్దున ఆయన్ని అక్కడికి తీసుకెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్లికి వచ్చినట్టు వచ్చాడు. పొగమంచులోంచి తెల్ల కారు చప్పుడు లేకుండా వచ్చింది. పెద్దబాపు అంచున నిలబడి అరచెయ్యి ఎత్తాడు. కారు ఆగింది. ఆయన కదల్లేదు. మళ్లీ చెయ్యి ఎత్తాడు. కారూ కదల్లేదు. ఇద్దరూ అలా ఎదురెదురుగా, కలలో లాగా నిలబడిపోయారు. చివరికి విసుగొచ్చి ఆయన అడుగు వేశాడు. సరిగ్గా అప్పుడే కారు కూడా కదిలింది. మూరెడు దూరంలో బ్రేకు పడింది.

పెద్దాయన తికమకపడ్డాడంటూ, కారు తీసిన ఆ వీడియోను దాని పాఠాల్లోంచి తీసెయ్యమన్నాడు మా టీమ్ లీడర్. నేను పెద్దబాపు మీదే అరిచాను. "చెయ్యెత్తి ఎందుకు ఆపినవ్, దాటనప్పుడు?"

"ఆపుడేంది? 'నేన్నిలబడ్డ, నువ్వు పో' అన్న. సాంచెల నడుమ గంతే గద బిడ్డా."

అప్పుడు అర్థమైంది. ఆ ఇరుకు సందుల్లో నూలు చుట్టిన బరువైన బీమ్ మోసుకొచ్చేవాడికి, మాట వినపడదు కనుక, ఎదురొచ్చినవాడు చెయ్యెత్తి దారిస్తాడు. మా వాడలో మగ్గాల వాళ్లంతా రోడ్డు మీద చేసేదీ అదే. ఆయన ఇంట్లో పెరిగిన నేనే, ఎత్తిన చెయ్యంటే 'ఆగు' అని కారుకు నేర్పాను.

"బండిదేం తప్పు లేదు, నేర్పినోల్లదే," అని నా నెత్తి మీద మొట్టాడు.

ఆ వీడియో తీసెయ్యనివ్వలేదు, పోట్లాడి ఉంచాను. నెలల తరబడి ఇద్దరం గోడాదరా, బమ్రోలి సందుల్లో తిరిగి మనుషుల చేతులను వీడియో తీశాం. ఎత్తిన చెయ్యి 'ఆగు' అంటోందో 'పో' అంటోందో తెలియాలంటే, చేతితో పాటు కాళ్లు, భుజాలు కూడా కారు చూడాలి కదా. అడిగినవాళ్లకల్లా ఆయనదొకటే జవాబు: "మా బిడ్డ బండ్లకు మర్యాద నేర్పుతది." నన్ను ఎవరూ అంత బాగా పరిచయం చేయలేదు. మళ్లీ పరీక్ష పెడితే తానే నిలబడతానన్నాడు. ఈలోపు ఆయాసం పట్టుకుంది, మంచం దిగలేదు.

దినాలు అయ్యాక పరీక్ష పెట్టారు. ఆయన నిలబడాల్సిన చోట నేను నిలబడ్డాను. మంచులోంచి కారు వచ్చింది. కాళ్లు కదపకుండా నిలబడి నేను చెయ్యెత్తాను. కారు నెమ్మదించింది, ఒక్క క్షణం తటపటాయించి, నా ముందు నుంచి మెల్లగా సాగిపోయింది. లోపల సీటు ఖాళీగా ఉంది. దాని ఎర్రదీపాలు మంచులో కలిసిపోయినా నా చెయ్యి కిందికి దిగలేదు.