గడ్డం మొలిచేంతసేపు

ఆ సెలూన్‌లో రెండు కుర్చీలు. వాకిలి వైపుది పెద్దన్నది, గోడ వైపుది తమ్ముడిది. పెద్దన్నకు కత్తెర కన్నా నాలుక చురుకు. వచ్చేవాళ్ళు సగం క్రాఫు కోసం, సగం నవ్వు కోసం వచ్చేవారు. తమ్ముడి చెయ్యి వాన వెలిశాక వీచే గాలంత మెత్తన. మాట మాత్రం గొంతు గడప తట్టుకుని ఆగిపోయేది.

"అ... అ... అయి..." అంటూ తమ్ముడు మెడ మీది గుడ్డ దులుపుతుంటే పెద్దన్న అందుకునేవాడు. "వీడు అయిపోయిందనేలోపు మీకు మళ్ళీ గడ్డం మొలుస్తుంది బాబాయ్!"

అద్దాలన్నీ నవ్వేవి. తమ్ముడూ నవ్వేవాడు. ఆ నవ్వు వాడి కళ్ళదాకా వెళ్ళడం లేదని అద్దంలో రోజూ కనిపించేది. పెద్దన్న అద్దం తుడిచేవాడు.

వంతెన పక్క మేడగదిలో నలుగురైదుగురు చేరి, వంతెన అవతలి పేటవాళ్ళ మీద పగ రగిలించుకునేవారు. తమ్ముడు సాయంత్రాలు అక్కడికి పోసాగాడు.

"ఏముందిరా అక్కడ?"

"వా... వాళ్ళు నన్ను మ... మధ్యలో ఆపరన్నా."

"నువ్వు మొదలుపెడితే కదరా ఆపడానికి!"

ఆ తర్వాత ఇంట్లో వాడి గొంతు వినపడలేదు. కొన్నాళ్ళకు, ఆ అవతలి పేటవాళ్ళు కుర్చీలో కూర్చుంటే గీయనని తల అడ్డంగా ఊపాడు. పెద్దన్న దానిమీదా ఒక జోకు అల్లాడు. ఒక ఉదయం గోడ వైపు కుర్చీ ఖాళీగా ఉంది.

ఏడు నెలలకు బస్టాండులో బాంబు పేలింది. పదకొండు మంది పోయారు. మర్నాడు హెడ్ కానిస్టేబుల్, చెంపల మీద నురగతోనే, ఫోన్‌లో ఒక వీడియో తెరచి చూపించాడు. ముక్కుదాకా గుడ్డ కట్టుకున్న మనిషి, రేపు సంతలో ఇంకోటి పేలుతుందంటున్నాడు. ఎక్కడా తడబాటు లేదు. అంత నిండైన గొంతు పెద్దన్న ఎన్నడూ విన్నది కాదు. కానీ ఎడమ చెవి తమ్మెకు కొస లేదు. కత్తి నేర్చుకునే రోజుల్లో, తమ్ముడి నత్తిని అనుకరించి నవ్వుతూ, తన చెయ్యి జారి తెగిన చెవి అది.

"మీవాడి ఈడువాడిలా ఉన్నాడే?" అన్నాడు హెడ్డు.

పక్కన కూర్చున్న బాబాయే జవాబిచ్చాడు. "వాడెక్కడండీ! వాడు బెదిరించడం పూర్తిచేసేలోపు సంతకే గడ్డం మొలుస్తుంది!"

అందరూ నవ్వారు. పెద్దన్నా నవ్వాడు. తను నేర్పిన జోకు తమ్ముడికి గొడుగు పట్టింది. నవ్వుతూనే రెండో చెంప గీశాడు. నీళ్ళ గిన్నెలో తన మొహం చూడలేక దాన్ని పక్కకు జరిపాడు.

హెడ్డు మొహం తుడుచుకుని చెప్పులు వేసుకున్నాడు. పెద్దన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"వా... వా..."

"ఏంటయ్యా, తమ్ముడి నత్తి నీకూ అంటిందా?" వెనక మళ్ళీ నవ్వులు. హెడ్డు ఒక కాలు మెట్టు మీద పెట్టాడు.

"ఆగండి సార్, నన్ను చెప్పనివ్వండి. వాడే. ఆ చెవి కోసింది నేనే."