కళ్ల బల్ల

సుఖవ్యాధులట! ఆ పేరు పెట్టిన మహానుభావుడికి ఒక్కసారి ఆ సూది పొడిపిస్తే సుఖమేమిటో తెలిసొచ్చేది. పెద్దాసుపత్రిలో వరండా చివరి గదికి ఆ పేరుతోనే బోర్డు ఉంది. ఆ బోర్డు కింద ఎవరూ కూర్చోరు. పక్కనే కళ్ల డాక్టరు గది ఉంది కదా, అందరూ ఆ బల్ల మీదే కూర్చుని కన్ను నలుపుకుంటూ ఉంటారు. చివరి గది నర్సుకి ఈ సంగతి తెలుసు. ఎవరినీ పేరు పెట్టి పిలవదు. బల్ల వైపు చూసి, "నా వాళ్లు రండి" అంటుంది. నలుగురైదుగురు కళ్లు బాగైపోయి లేస్తారు.

ఆమెను మేం సూదమ్మ అంటాం. చెయ్యి తేలిక, నోరు బరువు. మందు మధ్యలో మానేసినవాళ్లకి ఆ నోటి రుచి తెలుసు.

నేను బట్టలు కుట్టుకునేదాన్ని. నా తొలి బిడ్డ కడుపులోనే పోయింది. అది నా రాత అని అత్తగారు తేల్చేశారు. రెండోసారి నెల తప్పాక చేసిన రక్తపరీక్షలో సిఫిలిస్ ఉందన్నారు. మిషను, పొయ్యి తప్ప ఎరగని దాన్ని, నాకెలా వచ్చిందని ఏడ్చాను. సూదమ్మ పక్కన కూర్చుంది. ఎవరి వల్ల అని అడగలేదు. ఇక్కడికొచ్చేవాళ్ల తీరు ఏళ్లుగా ఒకటేనంది. మగవాళ్లు పుండు కనబడగానే మందుల షాపులో ఏదో మాత్ర కొని మింగుతారట. పుండు దానంతటదే మానుతుంది, జబ్బు పోయిందనుకుంటారు. ఆడవాళ్లేమో బిడ్డ పోయాకే ఈ గడప తొక్కుతారట.

"సూదులు పడితే ఈ బిడ్డ నీకు దక్కుతుంది అమ్మాయ్. కానీ ఆయన కూడా రావాలి. లేకపోతే మళ్లీ నీకే అంటుకోవచ్చు" అంది.

మా ఆయన లారీ డ్రైవరు. నిక్షేపంలా ఉన్నాను, నాకేం రోగమని ఎగిరాడు. ఆసుపత్రికొచ్చేదాకా పొయ్యి వెలిగించనన్నాను. మర్నాటికి తేలు కుట్టిన దొంగలా నా వెంట వచ్చాడు.

నేను సూదికి లోపలికెళ్లాను. తను వెళ్లి కళ్ల బల్ల మీద కూర్చున్నాడు. ఆ రోజే కొత్తగా చేరిన కళ్ల నర్సు వరసగా అందరికీ చూపు మసకబార్చే చుక్కల మందు, పరీక్ష కోసం వేసుకొస్తోంది. వద్దంటే తను ఏ గదికొచ్చాడో చెప్పాలి. అది చెప్పలేక, తల వెనక్కి వాల్చి రెండు కళ్లలోనూ వేయించుకున్నాడు.

నేను బయటికొచ్చేసరికి వెలుగు చూడలేక గోడ తడుముకుంటున్నాడు. ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. సూదమ్మే ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి తెర లాగింది. "గుడ్డిలో మెల్ల అంటే ఇదే, లేకపోతే పారిపోయేవాడు" అంది నాతో.

మా మొహాలు సరిగా కనబడకనేమో, ఆయన నోరు విప్పాడు. పెళ్లయిన కొత్తలో దూరం వెళ్లినప్పుడు తప్పు చేశానన్నాడు. పుండు మానింది కదా అని మరిచిపోయాడట. సూదమ్మ గొంతు వినబడిన వైపు తల తిప్పి అడిగాడు:

"అక్కా, ఆ బిడ్డ నా వల్లే పోయిందా?"

సూదమ్మ అబద్ధమాడలేదు, తిట్టనూ లేదు.

"అయ్యుండొచ్చు తమ్ముడూ. ఈ బిడ్డని మాత్రం నీ వల్లే బతకనీ."

ఆయన కళ్ల వెంట కారిన నీళ్లు చుక్కల మందువి కావు. వారం వారం నాతో పాటు వచ్చి సూది వేయించుకున్నాడు. నా కోపం అంత తొందరగా పోలేదు, ఎందుకు పోవాలి? కానీ వచ్చాడు.

కూతురు పుట్టింది. పాప రక్తం బాగుందని సూదమ్మ చెప్పినప్పుడు ఆమె చేతులు కళ్లకద్దుకున్నాను. అందుకు చీవాట్లూ తిన్నాను. తిడితే తిట్టనీ, ఆమె కడుపు చల్లగా ఉండాలి.

తర్వాతి పరీక్షకి పాపను ఆయనే ఎత్తుకున్నాడు. కళ్ల బల్ల దాటి నేరుగా వెళ్లి ఆ బోర్డు కింద నిలబడ్డాడు. బల్ల మీది తలలన్నీ ఇటు తిరిగాయి. సూదమ్మ తలుపు తీసి, అలవాటుగా బల్ల వైపు చూసింది.

"ఇక్కడున్నాం అక్కా" అన్నాడు మా ఆయన, అందరికీ వినబడేలా.

సూదమ్మ తలుపు బార్లా తెరిచింది. కాసేపటికి బల్ల మీంచి ఒకాయన లేచి వచ్చి మా ఆయన పక్కన నిలబడ్డాడు.