చందమామలో చుక్క

ఆ రోజుల్లో, అంటే అమెరికాలోని ట్రాయ్‌లో మాకు కొత్తగా ఒక పెరడూ, దాంతోపాటు గడ్డి కోసే ఉద్యోగమూ సంక్రమించిన 2008 ప్రాంతంలో, లోకంలోని జ్ఞానమంతా నాలుగు ఆప్షన్లలో ఇమిడిపోతుందని నేను మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి. నమ్మనా మరి! ఎంసెట్ బిట్లు పెట్టి ఇంజనీరునై, ఆ పుణ్యాన కార్ల కంపెనీలో కుర్చీ సంపాదించినవాణ్ణి. అందుకే నాలుగో తరగతి చదివే మా చిట్టితల్లికి ప్రాక్టీస్ టెస్టులు ప్రింట్ చేసి, గళ్లలో పెన్సిల్ చుక్కలు పెట్టించడం నా సాయంత్రాల వ్యాపకం. ఆర్నెల్లకని రేపల్లె నుంచి వచ్చిన మా అమ్మది పోటీ దుకాణం. ప్రార్థన అవగానే స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుక్కుని, మనవరాలిని పెరట్లోకి లాక్కెళ్లి, "అదిగోనే పిల్లలకోడి, అదిగో గొల్లకావడి" అంటూ ఆకాశాన్ని పరిచయం చేసేది. ఆ పిల్లకి ఇద్దరం చుక్కలే చూపించాం. ఏడిపించే రకం మాత్రం నాది. (మా ఆవిడ తటస్థురాలు. వంటింటి కిటికీలోంచి ఇరుపక్షాలకూ చెయ్యూపేది.)

ఏప్రిల్‌లో స్కూల్లో సైన్స్ టెస్ట్ పెట్టారు. గీత దాటినవాళ్లకి శుక్రవారం సాయంత్రం పెద్ద టెలిస్కోప్ చూసే ట్రిప్పు. దాటనివాళ్లకి ఇంకో ప్రాక్టీస్ టెస్టుల కట్ట. ఆ ట్రిప్పు కోసం క్యాలెండర్‌లో రోజులు కొట్టేస్తూ కూర్చున్న మా పిల్లకి సరిగ్గా ఒక్క మార్కు తగ్గింది. తప్పిన ప్రశ్న చూస్తే నాకు మతిపోయింది. బొమ్మలో ఒక నెలవంక, నాలుగు చుక్కలు. ఈ ఆకాశంలో నక్షత్రాలెన్ని? మా మేధావి మూడని పెట్టింది.

"లెక్కపెట్టడం కూడా రాదుటే నీకు?"

"నాన్నా, ఒక స్టార్ మూన్ కొమ్ముల మధ్యలో వేశారు. అది రాంగ్. మూన్ రౌండే కదా, అక్కడ డార్క్‌గా ఉంది, అంతే. వెనకాల స్టార్ ఎలా కనిపిస్తది?"

"బొమ్మలో ఎన్నుంటే అన్ని పెట్టాలమ్మా. ఆలోచించకూడదు!" అన్నాను, జీవితసత్యం బోధిస్తున్న ధోరణిలో.

"ఒరేయ్, ఇట్టా రా" అంది పెరట్లోంచి మా అమ్మ. పడమట తదియ చంద్రుడు. ఆ సన్నటి వంకని ఆనుకుని మిగతా గుండ్రమంతా బూడిదరంగులో, మసగ్గా, నిక్షేపంగా ఉంది. "కనపడిందా? దాంట్లోంచి చుక్క ఎట్టా కనపడుద్దిరా? చందమామకేమన్నా కిటికీ పెట్టించారా? ఇంత చదివావు, ఒక్కసారన్నా తలెత్తి చూశావంట్రా?"

గ్రీన్ కార్డు రాని రోజులు. స్కూలు ముందు పిల్లల్ని రోడ్డు దాటించే ముసలాయన్ని కూడా సార్ అని పిలిచే భయస్థుణ్ణి. అయినా మర్నాడు టీచరుగారిని కలవడానికి వెళ్లాను. రాత్రంతా బట్టీపట్టిన ఇంగ్లీషు ఉపన్యాసంలో గుడ్ మార్నింగూ, సారీ మాత్రమే బయటికొచ్చాయి. మిగతాది మా పిల్లే చూసుకుంది. బల్ల మీది దీపం వెలిగించి, దాని ముందు బంతి పెట్టి, బంతి వెనక గోడకి ఒక చుక్క స్టిక్కర్ అంటించి, "ఇప్పుడు మీకు స్టార్ కనిపిస్తోందా?" అని అడిగింది. టీచరుగారు తల అటు వంచారు, ఇటు వంచారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇన్నేళ్లుగా నేనూ నాలుగే అంటున్నాను సుమా" అని పకపకా నవ్వేశారు.

రెండోరోజు స్కూలు నుంచి చీటీ వచ్చింది: మూడని పెట్టినవాళ్లకీ మార్కు ఇస్తున్నాం! మా పిల్ల గీత దాటింది. ఆమెతోపాటు, నిజంగానే లెక్క తప్పి మూడు పెట్టిన ఇద్దరు మగపిల్లలు కూడా గట్టెక్కారు. మా అమ్మ ఆ రాత్రే రేపల్లెకి ఫోన్ చేసి, అమెరికా పరీక్షని తన మనవరాలు దిద్దిందని ప్రకటించింది.

ట్రిప్పుకి కార్లు నడిపే తల్లిదండ్రులు కావాలంటే నేనూ వెళ్లాను. నా వంతు రాగానే కన్ను ఆనించాను. నల్లటి సున్నాలో, ఉంగరం పెట్టుకుని, బుల్లి శనిగ్రహం! (జాతకంలో తప్ప ఆయన్ని నేనెక్కడా కలవలేదు.) ఎంతసేపు చూశానో, ఎవరో చొక్కా లాగారు.

"నాన్నా, టైమప్! పెన్సిల్ డౌన్!"

లైనంతా గొల్లున నవ్వింది. ముప్పై మూడేళ్లొచ్చేదాకా ఆకాశాన్ని సిలబస్‌లో లేదని వదిలేసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. అయితే ఒక్క విషయంలో మాత్రం వాణ్ణి మెచ్చుకోవాలి. ఆ శుక్రవారం వాడు ఎవరి మొహమూ చూడకుండా, తిన్నగా లైను చివరికి నడిచి, పిల్లల వెనకాల మళ్లీ నిలబడ్డాడు.