నెట్టుకు వంతు అడిగిన నీరుగంటి

మా తాత దురుగప్ప హచ్చొళ్ళిలో నీరుగంటి. తుంగభద్ర కాలువకు నీళ్ళు వదిలినప్పుడు ఏ మడికి ఎప్పుడు పారాలో చూసి తూములు ఎత్తడం, దించడం ఆయన పని. లోకంలో ఏది వచ్చినా కాలువ వచ్చినట్టే వస్తుందని ఆయన నమ్మకం. కరెంటు పోతే పైవూరి వాళ్ళు మళ్ళించుకున్నారంటాడు. పెళ్ళిలో చివరి పంక్తికి పాయసం అందకపోతే, చివరాయకట్టు కదా అని తనకు తనే సర్దిచెప్పుకుంటాడు.

అందుకే ప్రభుత్వం వాళ్ళు రోడ్డు పక్కన గుంత తవ్వి, నారింజ రంగు గొట్టం పూడ్చి, మా పంచాయతీ దాకా ఫైబర్ నెట్టు తెచ్చినప్పుడు దాన్ని అందరికంటే ముందు అర్థం చేసుకున్నది తాతే. అంటే, అర్థమైందని ఆయన అనుకున్నాడు.

మా అక్క సవిత నర్సింగు చదివింది. తోరణగల్లులో ఒక ఆసుపత్రి వాళ్ళు వీడియోలో మాట్లాడి ఉద్యోగం సంగతి తేలుస్తామన్నారు. ఇంతకుముందు ఒకసారి ఇలాగే ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చుంటే మాట మధ్యలో తెగిపోయి, వాళ్ళు మళ్ళీ పిలవనే లేదు. అందుకని ఈసారి పంచాయతీ లైబ్రరీలో కంప్యూటరు ముందు కూర్చోవాలనుకున్నాం. ముందురోజు వెళ్ళి చూస్తే బొమ్మ కాసేపు కదిలింది, కాసేపు ఆగింది. అక్క గోళ్ళు కొరకడం మొదలుపెట్టింది.

"సిరుగుప్ప నుంచే స్లో వస్తాండాది. నా చేతుల్లో ఏముంది?" అన్నాడు లైబ్రరీ చూసుకునే మౌనేశ్.

గుమ్మంలో కూర్చున్న తాత లోపలికి తొంగి చూశాడు. "సిరుగుప్పకూ మనకూ నడుమ ఊర్లోళ్ళు కూడా వాడుకుంటాండారా, మౌనేశప్పా?"

"వాడుకోకుండా ఉంటారా తాతా. పిల్లోళ్ళు పొద్దస్తమానం రీల్స్ చూస్తాంటారు."

"అదీ సంగతి," అని తాత తల ఊపాడు. తూము దగ్గర తగవు తీర్చడానికి పోయేముందు ఆయన అలాగే ఊపుతాడు. నేను అప్పుడే కనిపెట్టి ఉండాల్సింది.

మరునాడు లేచేసరికి తాత లేడు, సైకిలూ లేదు. ఆయన బీపీ మాత్ర గూట్లో అలాగే ఉంది.

"రొట్టె గూడా తినకుండా యాడికి పోయినాడో," అని మా అవ్వ పక్కీరమ్మ వాకిట్లోకీ వంటింట్లోకీ తిరుగుతోంది. "మొన్ననే గట్టు మీద కళ్ళు తిరిగి కూలబడినాడు. నువ్వు పోయి చూడు మే."

చూడడానికి పోవాలా, అక్క పక్కన ఉండాలా? అక్క చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. అక్కతోనే వెళ్ళాను. దారి పొడుగునా నా కళ్ళు మాత్రం సైకిలు కోసమే వెతికాయి.

తెర మీదికి ఒక డాక్టరమ్మ వచ్చింది. పేరు, ఊరు అడిగింది. తర్వాత, రోగికి ఉన్నట్టుండి బీపీ పడిపోతే ముందు ఏం చేస్తావని అడిగింది. నాకు తాతే గుర్తొచ్చాడు. అక్క నోరు తెరిచింది. అంతలో డాక్టరమ్మ ముఖం సగం నవ్వులో గడ్డకట్టుకుపోయింది. మౌనేశ్ నెట్టు డబ్బా మీది దీపాల వంక చూస్తూ నిలబడ్డాడు. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సవితా, వినిపిస్తోందా?" అంది డాక్టరమ్మ.

బొమ్మ కదిలింది. ఆ తర్వాత చివరిదాకా ఎక్కడా ఆగలేదు.

ఎండ నెత్తికెక్కాక తాత సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. వాకిట్లోనే నన్ను ఆపి, "ఏం మే, బాగా పారిందా?" అన్నాడు.

"పారింది గానీ, నువ్వు యాడ సచ్చినావు? ఆడ అవ్వ నీకు తద్దినం పెట్టేటట్టుండాది."

తాత గొంతు తగ్గించాడు. పైవూరి పంచాయతీకి పోయి, మా సవిత మాట్లాడేదాకా మీ నెట్టు ఆపండప్పా అని అడిగాడట. అందరూ నవ్వారట. అక్కడి మెంబరు కొట్రేశ్, "ఆపితే నాకేమిస్తావు దురుగప్పా?" అని వేళాకోళం చేశాడట. తాతకు నీళ్ళ సంగతిలో వేళాకోళం తెలియదు. "ఈ తూరి నా మడి వంతు నీదే," అన్నాడు. కొట్రేశ్ వెంటనే స్విచ్చి ఆపాడు. తాత దాని పక్కనే కాపలా కూర్చున్నాడు.

"మన వరి పొట్ట మీదుండాది కదా తాతా. తడి లేకుంటే గింజ పడతాదా?"

"చూస్తాం లే. మీ అవ్వకు చెప్పొద్దు."

సాయంత్రం మౌనేశ్‌ను అడిగితే నవ్వాడు. "ఆ ఊరికి వచ్చేది వేరే లైను మే. ఆడ ఆపితే మనకేమీ కాదు." మరి ఆగింది ఎందుకు కదిలిందంటే తనకూ తెలియదన్నాడు. మామూలుగా అయితే తాతను నెల రోజులు ఏడిపించడానికి నాకు ఆ ఒక్క మాట చాలు. ఆయన మాత్రం మంచం మీద పడుకుని, కాళ్ళు నొప్పులంటూనే, నెట్టు ఎలా మళ్ళించాలో నాకు వివరిస్తున్నాడు. నేను ఊ కొడుతూ కాళ్ళు పిసికాను.

సోమవారం వచ్చి పనిలో చేరమని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. మా మడి నీళ్ళ వంతు కూడా సోమవారమే పడింది. అక్కను సిరుగుప్పలో తోరణగల్లు బస్సు ఎక్కించడానికి నేనూ వెళ్ళాను. మా ఊరి బస్సు కాలువ పక్కనే పోతుంది. కిటికీలోంచి చూస్తే, అవ్వ కుచ్చెళ్ళు పైకి దోపుకుని మా మడి గండి దగ్గర నీళ్ళ కోసం నిలబడి ఉంది. మడి అక్కడక్కడా నెర్రెలు విచ్చింది. కాస్త పైన తాత కొట్రేశ్ మడి వైపు తూము ఎత్తుతున్నాడు. బస్సు చప్పుడుకు తలెత్తి, పార పైకెత్తి ఊపాడు.

అక్క చెయ్యి ఊపి, నా వైపు తిరిగింది. "ఈ పొద్దు మన వంతే గదా? తాత అటు వదులుతాండాడేంది?"

"మన వంతు మొన్ననే అయిపోయింది అక్కా," అన్నాను.