కొసరు రౌండు

కూరగాయలు అమ్మే చెయ్యి నాది. కిలో టమాటా తూచాక పైన రెండు కాయలు వేయకపోతే నాకు మనసొప్పదు. శంషాబాద్ మార్కెట్లో జనం నా దగ్గరికి వచ్చేదే ఆ కొసరు కోసం. అదే చేత్తో నా బిడ్డ పరుగును కూడా తూచాను చూడండి, అదీ నేను చేసిన ఘనకార్యం.

బిడ్డకు పద్నాలుగేళ్లు. వాళ్ల నాయన పోయాక ఇంట్లో మేమిద్దరమే. పరుగు పందెంలో జిల్లా పోటీకి ఎంపికైంది. పొద్దున్నే ఎనిమిది రౌండ్లు చాలని బడిలో ఆటల సారు చెప్పాడు. విమానాలు దిగే దారి కింద, ఇంకా ఇళ్లు కట్టని ప్లాట్ల చుట్టూ తారురోడ్డు ఉంది. అక్కడ ఉరికేది. నాకు లెక్క తప్పుతుందని రౌండుకో చింతగింజ కొంగులో వేసుకునేదాన్ని. ఎనిమిదయ్యాక "ఇంకొకటి కొసరు బిడ్డా" అనేదాన్ని. తర్వాత రెండు. పోటీ దగ్గరపడేసరికి నాలుగు. ఎక్కువేస్తే ఎవరికి చేదు?

ఒకరోజు బూట్లు కనిపించలేదు. ఇల్లంతా వెతికితే బియ్యం డబ్బాలో దొరికాయి.

"బూట్లకు బువ్వ పెడుతున్నవానే?" అన్నాను.

నవ్వలేదు. "నాకు ఉరుకబుద్ధి అయితలేదమ్మా. ఇగ ఎన్నడూ ఉరుక" అని గోడవైపు తిరిగి పడుకుంది. నడవడం రాకముందే ఉరికిన పిల్ల! సారు దగ్గరికి పరుగెత్తాను.

"రోజుకు ఎన్ని రౌండ్లు అక్కా?"

"ఎనిమిదే సారు. కొసరు నాలుగు."

సారు నెత్తి పట్టుకున్నాడు. "పిల్ల కాళ్లేమన్న టమాటలా అక్కా? గిట్ల ఉరికిస్తె ఎవ్వరికైనా ఇసుగొస్తది. ఇగ ఉరుకుమని అనకు. దానికి బుద్ధైతేనే ఉరుకుతది."

జిల్లా పోటీ మేం లేకుండానే జరిగిపోయింది. నేను నోరు కట్టుకుని కూర్చున్నాను. నోరు కట్టుకోవడమంటే నాకు ఉపవాసం కన్నా కష్టం.

ఒక పొద్దున బిడ్డే అంది: "అమ్మా, నడువు. ఇయ్యాల కొసరు నాలుగు నువ్వు ఉరుకు. గింజలు నేను ఏస్త."

"నాకేం భయమా?"

చీర ఎగ్గట్టి రబ్బరు చెప్పులతోనే మొదలుపెట్టాను. మొదటి మలుపులోనే ఒక చెప్పు ఎగిరి ప్లాటు నంబరు రాయి మీద కూర్చుంది. నెత్తి మీదుగా విమానం దిగుతుంటే బిడ్డ ఎగిరి గంతేసింది. "ఉరుకమ్మా! దానికంటె ముందుగాల నువ్వు దిగాలె!"

నాలుగు రౌండ్లకు నా ప్రాణం గొంతులోకి వచ్చింది. "అయిపోయినయానే?"

"అయినయ్. ఇంకొకటి కొసరు!"

రోడ్డు మీదే కూలబడ్డాను. ఇద్దరికీ నవ్వు ఆగదు. బిడ్డ కడుపు పట్టుకుని నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకుని, నా కొంగు పట్టి లాగింది. "లే, నేను గుంజుకపోత."

సగం దూరం నన్ను ఈడ్చుకుపోయి కొంగు వదిలేసింది. వట్టికాళ్లతో, జడ ఎగురుతూ, తనంతట తాను ముందుకు పోయింది. చేతిలోని చింతగింజలు దారి పొడుగునా రాలిపోయాయి. నేను ఒక్కటీ ఏరలేదు. ఆ పొద్దున ఎన్ని రౌండ్లు తిరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.