ముక్కు మాస్టారి జిన్ను

బారులో మందు కలిపే అతన్ని అందరూ ముక్కు మాస్టారనేవాళ్ళు. ముక్కు పొడుగని కాదు. మూత తీసిన సీసా ఏదైనా సరే, కళ్ళు మూసుకుని ఒక్కసారి వాసన చూసి ఇది ఫలానాదని చెప్పేవాడు. కలిపిన గ్లాసును బల్ల మీదకి పంపేముందు స్ట్రాతో ఒక చుక్క తీసి నాలిక మీద వేసుకోవడం ఆ పనిలో ఉన్నవాళ్ళంతా చేసేదే. ఇతను మాత్రం ముందు ముక్కునడిగేవాడు. ముక్కు ఒప్పుకున్నాకే నాలిక వంతు.

అన్ని మందుల్లోకీ అతనికి జిన్నంటే ప్రాణం. విస్కీ పెద్దమనుషుల డాబు, రమ్ము చలికి కప్పుకునే దుప్పటి అని వెక్కిరించేవాడు గానీ, జిన్ను జోలికి ఎవరైనా వస్తే ఊరుకునేవాడు కాదు. ఆదివారం మధ్యాహ్నం వంటింటి గట్టు దగ్గర నిలబడి తనకోసం ఒక్క గ్లాసు కలుపుకునేవాడు. కీరదోస పలచగా కోసి, పుదీనా ఆకుల్ని నలపకుండా అరచేతుల మధ్య ఒక్క చరుపు చరిచి, నిమ్మరసం, కాస్త పంచదార పాకం, ఆపైన జిన్ను, గ్లాసు నిండా ఐసు, ఆఖర్న సోడా. నిమ్మతొక్కను మెలిపెట్టి గ్లాసు అంచంతా రుద్దేవాడు. వాన వెలిశాక చెట్టు బెరడు గీకితే వచ్చే వాసనేదో అందులోంచి లేచేది. భార్య కుట్టుమిషను ఆపి వచ్చి, ఒక్క గుక్క తాగి, మొహం చిట్లించి, మీ చెట్టునీళ్ళు మీరే తాగండి అని వెళ్ళిపోయేది. నచ్చని మనిషి ఏ ఆదివారమూ ఆ గుక్క మానిన పాపాన పోలేదు.

అట్లాంటివాడికి జ్వరమొచ్చింది. పోతూ పోతూ ఆ జ్వరం వాసనను కూడా పట్టుకుపోయింది. డాక్టరు మొదట వస్తుందన్నాడు, తర్వాత రావచ్చన్నాడు, చివరికి అలవాటు పడిపొమ్మన్నాడు. ఆ చివరి మాట ఇతను ఇంట్లో చెప్పలేదు. ఎట్లా చెబుతాడు? ఆవిడ రోజూ ఎదురుచూస్తోందాయె. ముక్కున్నంత కాలం పడిశం తప్పదు బావా అని బావమరిది నవ్వించబోతే, పడిశమైనా వస్తే బాగుండునురా అన్నాడు. ఆ తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

బారులోనూ నోరు మెదపలేదు. చేతికి కొలతలు తెలుసు కాబట్టి కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. ఒకనాడు నేల తుడిచిన గుడ్డ ఒకటి కౌంటరు మీదకొచ్చింది. దాంతోనే గ్లాసులు తుడిచి మందు పోసి పంపాడు. ఒక బల్ల బల్లంతా ఫినాయిలు కంపని తిరగ్గొట్టింది. గుట్టు రట్టయింది. ఓనరు చెడ్డవాడు కాదు. నీ ముక్కు బాగయిన రోజున నీ చోటు నీదేనని మాటిచ్చి, అందాకా వెనక గదిలో గ్లాసులు కడగమన్నాడు.

వెనక గదిలో ఇంకో పని కూడా ఉండేది. ఖాళీ సీసాల్ని మూతలు బిగించి తొట్లో నానేసి లేబుళ్ళు గీకెయ్యాలి, లేకపోతే ఎవడో పట్టుకెళ్ళి కల్తీ సరుకు నింపి అమ్ముతాడు. అడుగున మిగిలిన చుక్కలు కడిగేవాళ్ళవని అక్కడి లెక్క. భుజాలు కోసుగా ఉండే జిన్ను సీసాలను ఇతను తొట్లో చెయ్యిపెట్టి తడుముకునే గుర్తుపట్టేవాడు. వాటి అడుగులన్నీ ఒక సీసాలోకి వంచుకుని ఇంటికి తెచ్చుకునేవాడు. వాసన తెలియని జిన్ను దేనికయ్యా అంటే ఏం చెబుతాడు? ఆదివారాన్ని వదులుకోలేకపోయాడు.

సబ్బునీళ్ళలో వేళ్ళు నానీ నానీ విసుగెత్తిపోయింది. కొత్తగా కౌంటరెక్కిన వాడు గ్లాసులో ఐసు ముందే కుమ్మరించే చప్పుడు వినిపిస్తే చేతిలో గ్లాసును ఇంకాస్త గట్టిగా రుద్దేవాడు. ముక్కు బాగయిందని ఓనరుతో చెప్పేస్తే పోలా అనుకున్నాడు. అబద్ధమే. అయితేనేం, ఎవరు లోపల దూరి చూడొచ్చారు? ముందు ఇంట్లో చెప్పి చూద్దాం, ఆవిడ నమ్మితే లోకమంతా నమ్మినట్టే.

ఆ ఆదివారం గ్లాసు కలిపి, ఎత్తి, చాలాసేపు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"తెలుస్తోందే" అన్నాడు. "లీలగా తెలుస్తోంది. అదే చెట్టు వాసన."

మిషను ఆగిపోయింది. ఆవిడ గుమ్మంలో నిలబడి పమిట చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. ఇతనూ కళ్ళు తుడుచుకున్నాడు. తన అబద్ధానికి తనే ఏడవాల్సి వచ్చింది, ఖర్మ. రేపే ఓనర్ని కలుస్తానన్నాడు. కలవండి, తెల్లచొక్కా ఇస్త్రీ చేసి పెడతానంది. ఆ సంతోషంలోనే గ్లాసందుకుని తన గుక్క తాగింది.

మొహం చిట్లించలేదు. గ్లాసు వాసన చూసింది. ఇంకో గుక్క తాగింది. గట్టు మీది సీసా తీసి మూత విప్పి వాసన చూసింది.

"ఇది జిన్ను కాదండీ" అంది మెల్లగా. "ఇందులో ఆ చెట్టు వాసనే లేదు."

సీసా చేతిలోకి తీసుకున్నాడు. ఆ వారం దిగిన కొత్తరకం వోడ్కా అచ్చం అట్లాంటి కోసు భుజాల సీసాల్లోనే వచ్చింది. లేబులు నానిపోయాక, నీళ్ళలాంటి ఆ రెంటికీ మరి తేడా ఏముంది? ఇంకొకడైతే సీసా మూతి ముక్కు దగ్గర పెట్టుకుని, ఛీ ఇదికాదు అని పక్కన పెట్టేవాడు.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. డాక్టరు ఏమన్నాడో నిజం చెప్పమంటే చెప్పేశాడు. ఆవిడ గ్లాసును సింకులో పారబోసి, నీళ్ళు పట్టి కడిగింది.

"వోడ్కా కాబట్టి సరిపోయింది" అంది. "రేపు కౌంటరెక్కి ఇంకేదో పోసి పంపితే? తాగేవాడికీ ఇంట్లో ఒకతె ఉంటుంది కదండీ."

మర్నాడు ఓనరు తనంతట తనే వెనక గదికొచ్చి ముక్కు సంగతి అడిగాడు. ఇన్నాళ్ళూ ఆ చోటు ఇతని కోసమే అట్టేపెట్టాడు, కౌంటరు మీదున్నది తాత్కాలికపు మనిషే. అవునని ఒక్కమాటంటే సాయంత్రానికి అక్కడుంటాడు. మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"రాదండి" అన్నాడు. "ఇక రాదన్నారు."

అయితే ఆ కొత్తవాణ్ణే ఖాయం చేసుకుంటానన్నాడు ఓనరు, ఏమనుకోవద్దన్నాడు. చేసుకోండి, మంచి పిల్లాడే, ఐసు కాస్త తర్వాత వెయ్యమనండి అని, ఇతను తొట్లో చేతులు పెట్టి ఇంకో సీసా పైకి తీశాడు.